వాహిదా పడ్డ పరీక్ష

మా కోరుట్లల నౌషాద్‌ను అడుగకుంట ఎవ్వలు ఏదీ నమ్మకపోదురు. బస్టాండు ఎనుక నా దుకాణం, నేను జాకెట్లు కుడ్త. పక్కదే వాని నెట్ సెంటర్. నాలుగు కంప్యూటర్లు, నడుమ పరదాలు. జోహరా బీకి ఒక్కగానొక్క కొడుకు. పదోతరగతిల రెండుసార్లు తప్పిండు గని, నెట్ వెట్టినంక ఊరికి హకీం ఆయననే, వకీలు ఆయననే. దుబాయిల మొగోళ్లున్న ఆడోళ్లంత గాడికే వచ్చి తెర మీద మొఖాలు చూసుకుంట మాట్లాడుదురు. మాట్లాడుడు అయినంక ఆళ్లకున్న అనుమానాలన్ని తీర్చి పంపుడు నౌషాద్ పని.

దానికి వానికాడ ఒక లెక్క ఉండె. "అక్కా, ఒక్క సైట్ల ఉంటె పుకారు. రెండిట్ల ఉంటె అనుమానం. మూడిట్ల ఉన్నదా, ముద్ర పడ్డట్టే" అని చిటికేసి చెప్పెటోడు. దశరథం మోకాళ్ల నొప్పికి మూడు సైట్లు చూసి పొద్దుమాపు పచ్చి కాకరకాయ రసం తాపిచ్చిండు. మోకాళ్ల సంగతి దేవునికెరుక, దశరథం వారం దినాలు చెంబు ఇడువలేదు. ఐలయ్య మస్కట్ పోదామని కంపెనీ గురించి అడిగితె, మూడు కంపెనీల సైట్లు తీసి, "మూడిట్ల గిదే బిల్డింగు ఫోటో ఉన్నది, పక్కా కంపెనీలు" అన్నడు. మూడు కంపెనీలకు ఒక్కటే బిల్డింగేందిరా అని ఐలయ్య పెండ్లాం లొల్లి వెట్టింది గావట్టి ఐలయ్య బతికిపోయిండు.

గంతటితోని ఆగితె నౌషాద్ ఎందుకైతడు? "కోరుట్ల ఖబర్" అని నెట్ల సొంతంగ ఒక పేజీ వెట్టిండు. ఇంగ్లీషు అక్షరాలు కొడ్తె మిషినే తెలుగు చేస్తది. వాని పెండ్లాం పేరు వాహిదా. చేతికి గదే అలవాటేమో, "వాయిదా" అని కొట్టాల్సిన కాడల్ల "వాహిదా" అని కొట్టెటోడు. గ్రామసభ వాహిదా, కరెంటు బిల్లు గడువు వాహిదా. ఊరంత నవ్వుతాంటె, "మీ భాభీని దినాం ఎన్నిసార్లు తలుస్తనో చూడుర్రి" అని వాడే ఎక్కువ నవ్వేటోడు. గా నవ్వు చూస్తె తిట్టబుద్ధి గాకపోవు.

గప్పుడే సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోలల్ల వడ్డయి. బడులు బందు. రోడ్డు మీదనే వంటలు, రోడ్డు మీదనే బోజనాలు. నేను గూడ మిషిను మీద గుడ్డ కప్పి, బతుకమ్మ ఎత్తుకోని పోయి రోడ్డు నడుమ ఆడిన. తెలంగాణ కావాలె. నా బిడ్డ సింధూజ పరీక్ష గూడ కావాలె.

సింధూజకు డిగ్రీల ఒక్క పేపరు మిగిలింది. సెంటరు జగిత్యాల. గది పాసైతె బీఎడ్‌కు పోతది. తప్పిందా, పెండ్లి చేస్త, ఇగ సదువు లేదు అని దుబాయిల ఉన్న మా ఆయన భీమయ్య తెర మీద వేలు జూపిచ్చి మరీ చెప్పిండు. నా బిడ్డ మిషిను చప్పుడు నడుమ కూసోని సదివిన పిల్ల.

పరీక్షకు ముందటి దినం పొద్దుగాల చాయ్ తాగుకుంట నౌషాద్‌ను అడిగిన. "తమ్మీ, రేపు బందంటున్నరు. పరీక్షలు ఉంటయా, వాయిదా వడ్తయా?"

"చూసి చెప్త అక్కా, నువ్వు పరేషాన్ గాకు" అన్నడు.

పగటీలి సిరిసిల్ల నుంచి మా చెల్లె కిష్టవ్వ ఫోన్ చేసింది. "అక్కా, పరీక్షలు వాయిదానట గద? ఈడ మగ్గాల కాడ అందరు గదే అంటున్నరు." కాలేజికి ఫోన్ చేస్తె మోగుడే గని ఎత్తుడు లేదు. గంతల నౌషాద్ మూడు కాయితాలు ఊపుకుంట ఉరికొచ్చిండు.

"అక్కా, ముద్ర పడ్డది! మూడు సైట్లు! ప్రింటు గూడ తీసిన, వట్టి మాట గాదు!"

నా పానం తేలికైంది. "పుస్తకం మూసెయ్ బిడ్డా, కండ్లు గుంజుకపోయినయి, జర పండు" అన్న. సింధూజ కాయితాలు దీసుకోని ఒకటి చదివింది, రెండోది చదివింది, మూడోది చదివింది. కిసుక్కున నవ్వింది.

"అవ్వా, ముగ్గురికీ నౌషాద్ మామ పెండ్లామేనా దొరికింది?"

చూస్తె మూడు కాయితాలల్ల ఒక్కటే ముక్క. "పరీక్షలు వాహిదా పడ్డాయి." నాకు నవ్వు రాలేదు. కాయితాలు గుంజుకోని పక్క దుకాణంలకు పోయిన.

"ఇదేందిరా తమ్మీ? హైదరాబాదు సైటోడు గూడ నీ లెక్కనే వాహిదా అంటడా?"

వాడు కండ్లద్దాలు తుడుసుకోని మూడూ చూసిండు. "అక్కా, మూడు సైట్లల్ల గట్లనే ఉన్నదంటె గదే కరెక్టేమో. ఇన్నొద్దులు మీరే తప్పు రాస్తున్నరేమో" అన్నడు.

"నీ మొఖం! నీ పేజీ తియ్ ముందుగాల!"

తీసిండు. పొద్దుగాల రాసిందే ఉన్నది. "రేపు పరీక్షలు వాహిదా పడ్తయట." గా "అట" ఒక్కటి మొదటి సైటోడు కోసి పారేసిండు. "పడ్తయి"ని "పడ్డాయి" చేసిండు. వాని దాంట్లకెల్లి రెండోడు, వాని దాంట్లకెల్లి మూడోడు ఎత్తుకున్నరు. వాహిదాను మాత్రం ఎవ్వడు ముట్టలేదు, పరాయి మొగోని పెండ్లాం గదా.

"మరి గా 'అట' నీకెవలు చెప్పిన్రు?" అన్న.

నౌషాద్ నా దిక్కు చూసిండు. "నువ్వే గదక్కా. పొద్దుగాల చాయ్ కాడ."

"నేను అడిగినరా! చెప్పలేదు, అడిగిన!"

నేనడిగిన మాట సిరిసిల్ల దాకా తిరిగి, మూడు కాయితాల మీద అచ్చై, మళ్ల నా చేతులకే వచ్చింది. నేను దాన్ని నమ్మి బిడ్డ పుస్తకం మూపిచ్చిన. నా బుద్ధికి ఏమన్నాలె చెప్పుర్రి.

ఇగ పరీక్ష ఉన్నదో లేదో ఎవ్వలకు తెల్వదు. పోయి చూసుడే. తెల్లారంగ నౌషాదే వాళ్ల బామ్మర్ది అఫ్రోజ్ ఆటో మాట్లాడుకోని వచ్చి, తానే ముందట ఎక్కి కూసున్నడు. ఊరు దాటంగనే రాస్తారోకో. జెండాలు వట్టుకున్న పోరగాళ్లు ఆటోకు అడ్డం నిలవడ్డరు.

"పరీక్షనా? వాయిదా పడ్డది గదా. నెట్ల ఉన్నది" అని ఒకడు ఫోన్ జూపిచ్చిండు. గదే వాహిదా.

"గది నేనే రాసిన బాబూ! తప్పు! నమ్మకుర్రి!" అని నౌషాద్ ఎదురొమ్ము గుద్దుకున్నడు.

"నువ్వెవలవయ్యా? మూడు సైట్లల్ల ఉంటె నీ మాట నమ్మాల్నా?"

నౌషాద్ లెక్క వానికే అప్పజెప్పిన్రు. నేనే ఆటో దిగి, "కొడుకా, మీ జెండా మా జెండా ఒక్కటే. మొన్న మీ ముందటనే బతుకమ్మ ఆడిన. నా బిడ్డను పోనియ్యుర్రి" అని బతిలాడితె, పాపం, వాళ్లే రాళ్లు జరిపి తొవ్వ ఇచ్చిన్రు.

జగిత్యాలల కాలేజి గేటు తెరిసే ఉన్నది. పరీక్ష ఉన్నది! సింధూజ ఉరుక్కుంట లోపలికి పోయింది. నాకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చినయి. గేటు సందులకెల్లి కిటికీ దిక్కు చూసిన. సగం బల్లలు ఖాళీ. నా లెక్కనే గా పిల్లల తల్లులు గూడ పుస్తకం మూసెయ్ బిడ్డా అని ఉంటరు. నవ్వు ఆడనే ఆగిపోయింది.

నౌషాద్ ఫోన్ దీసి, పాత రాత తుడిపేసి కొత్తది కొట్టిండు. అక్షరమక్షరం నాకు జూపిచ్చి కొట్టిండు. "పరీక్ష వాయిదా పడలేదు. జరుగుతున్నది. జగిత్యాల గేటు కాడ నిలవడి నా కండ్లతోని చూస్తున్న. జల్ది రార్రి, ఇంక లోపలికి పంపుతున్నరు." అట లేదు, వాహిదా లేదు. కోరుట్ల ఖబర్ పుట్టినంక వాడు కండ్లార చూసి రాసిన ముచ్చట గదొక్కటే.

చూస్తనే ఉన్నం. ఏ సైటోడు ఎత్తుకోలేదు. వాచ్‌మన్ తాళం కప్ప దీసుకోని గేటు కాడికి నడుస్తుంటె ఫోన్ టింగుమన్నది. కొడిమ్యాల పిల్ల ఎవలో కింద రాసింది, నౌషాద్ నాకు చదివి వినిపిచ్చిండు.

"అన్నా, నాది గూడ గదే సెంటరు. నువ్వొక్కనివే అంటున్నవు. ఇంకో రెండు సైట్లల్ల ఉంటె చెప్పు, గిప్పుడే బయలెల్లుత."