చిన్నాయిన భుజానికి తగిన చైన్‌సా కోసం నల్లగొండకు

ఎండిపోయిన బత్తాయి చెట్లు కొట్టడానికి మా చిన్నాయిన చైన్‌సా అనే పెట్రోలు రంపం కొంటానన్నాడు. కొంటే కొననీ, అందులో గొడవేముంది అనకండి. నిరుడు బండి మీద నుంచి పడి కుడి భుజం విరగ్గొట్టుకున్న మనిషాయన. బరువులెత్తొద్దని దవాఖానలో గట్టిగా చెప్పి పంపారు. ఆయనేమో దుకాణంలో అన్నిటికన్నా పెద్ద మిషనే కావాలని పంతం పట్టాడు. చిన్నమ్మ నాకు ఫోన్ చేసి, "నువ్వన్నా వచ్చి జర చెప్పు బిడ్డా. ఆ భుజం మల్ల పోతే మనిషి మంచాన పడ్తడు" అంది. చౌటుప్పల్‌లో ఉద్యోగం చేసుకునేదాన్ని, రంపాల గురించి నాకేం తెలుసు? అయినా శనివారం సెలవు పెట్టి పొద్దున్నే విజయవాడ రోడ్డు బస్సెక్కాను.

నకిరేకల్ దాటాక చిన్నాయిన వాళ్ల ఊరు కేతేపల్లి వస్తుంది. గంటన్నర ప్రయాణం. అక్కడ ఊళ్లో అందరికీ తెలిసిన జహంగీర్ ఆటో ముగ్గురం నల్లగొండకు మాట్లాడుకున్నాం, రానుపోను పన్నెండు వందలు. "కూలోళ్లతోని కొట్టియ్యరాదు కాకా?" అన్నాడు జహంగీర్ దారిలో. చిన్నాయిన అంతెత్తున లేచాడు. "నీళ్లు మోసి పెంచినం ఇద్దరం. ఎవడో వచ్చి నరుకుతాంటే నేను గట్టు మీద కూసొని సూడాల్నా?" ఆ మాటకు ఆయన మీద కోపమంతా పోయి ప్రేమ పొంగుకొచ్చింది నాకు. చిన్నమ్మ మాత్రం రోడ్డువైపే చూస్తూ కూర్చుంది.

పనిముట్ల దుకాణంలో షాపాయన మొదట అడిగింది ఒకటే, చెట్లెంత లావుంటాయని. చిన్నాయిన జేబులోంచి తాడు తీసి, ముడి చూపించాడు. "గీడిదాక. మూడడుగుల పైనే." షాపాయన అరవై సీసీ ఇంజిన్‌కు ఇరవై నాలుగు అంగుళాల బార్, అంటే గొలుసు తిరిగే పొడుగాటి పట్టీ, బిగించి తెచ్చాడు. చిన్నాయిన అది ఎత్తి పట్టుకుని, "మంచిగున్నది" అంటూనే దించేశాడు. నుదుటి నిండా చెమట. "గిది కొంటే నేను ఇంటికి రాను" అని చిన్నమ్మ లేచి నిలబడింది.

షాపాయన తాడునే చూస్తున్నాడు. "దీన్ని చెట్టు చుట్టు తిప్పినవా, అడ్డం పెట్టినవా?"

"చుట్టే! కట్టె కొనేటోళ్లు గట్లనే కొలుస్తరు గదా!"

షాపాయన నవ్వి, ముడి దగ్గర కలిపి తాడును నేల మీద గుండ్రంగా పరిచాడు. దాని మీద పదహారు అంగుళాల బార్ అడ్డంగా పెడితే అటూ ఇటూ రెండేసి అంగుళాలు బయటికొచ్చింది. "అడ్డం కొలత కన్నా బార్ జరంత ఎక్కువుంటే చాలు. బార్ పొడుగైతే గొలుసు పొడుగైతది, దాన్ని తిప్పాలంటే పెద్ద ఇంజిన్ గావాలె. ఆ బరువంతా నీ భుజమే మోయాలె."

ఈసారి నలభై సీసీది తెచ్చి, పెట్రోలు, ఆయిలు పోసి మరీ చేతికిచ్చాడు. అన్నీ కలిపి ఆరు కిలోల దాకా ఉంటుందట. పెద్దది ఎనిమిదిన్నర. చిన్నాయిన నడుము దగ్గర పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. చిన్నమ్మ వెనక నుంచి ఆయన భుజం మీద చెయ్యేసి, బిగుసుకుంటోందేమోనని చూసింది. తర్వాత "గిదే ఇయ్యి సేటు" అంది. ఇంటి దాకా చిన్నాయిన దాన్ని ఒళ్లోంచి దించితే ఒట్టు.

మీరూ కొనబోతుంటే ఒక్క మాట. కాగితం మీద రాసిన బరువు చాలాసార్లు ఇంజిన్‌ది మాత్రమే. బార్, గొలుసు, పెట్రోలు, ఆయిలు దానికి అదనం. అన్నీ నింపించి, రోజూ పట్టుకోబోయే మనిషితోనే ఎత్తించి చూడండి.

చిన్నాయిన పెద్ద మిషన్ అడిగింది గొప్పకని నేననుకున్నాను. ఇక తన చేత కాదని ఎవరైనా అంటారేమోనని ఆయన భయం. ఆ సాయంత్రమే కళ్లకు రక్షణ అద్దాలు, తలకు గట్టి టోపీ పెట్టుకుని మొదటి చెట్టు కోశాడు. చెట్టు పడ్డాక మిషన్ ఆపి, మొద్దు పక్కనే చతికిలబడ్డాడు. చిన్నమ్మ పరుగున పోయి, "భుజం నొస్తాందా?" అనడిగింది.

"భుజం గాదే" అన్నాడు చిన్నాయిన, ఇద్దరూ నీళ్లు మోసి పెంచిన ఆ చెట్టు మొద్దును నిమురుతూ. చిన్నమ్మ కూడా మొద్దు మీద చెయ్యేసి ఆయన పక్కన కూర్చుంది.