నాలుగేళ్లు ఆమెకే పరీక్షలు

ఈ విషయం మీద ఇదివరకే మూడుసార్లు రాశాను. రెండు ఉత్తరాలు ఒక ఆరోగ్య పత్రికకు, ఒకటి మాకు వైద్యం చేసిన భద్రాచలం డాక్టరమ్మకు. పత్రిక వాళ్లు నాది వేయలేదు. ఆ నెలలోనే మొటిమలకు రెండు పేజీలు ఇచ్చారు. డాక్టరమ్మకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకం పెట్టిన కార్డు వచ్చింది, జవాబు రాలేదు. ఆ కార్డు నా దగ్గర భద్రంగా ఉంది.

మాది చర్ల దాటి పది కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే ఊరు. నేను గోపాలమిత్రను. ఎదకు వచ్చిన ఆవులకు, గేదెలకు రైతు ఇంటి దగ్గరే కృత్రిమ గర్భధారణ సూది వేయడం నా పని. మేలుజాతి ఆంబోతుల వీర్యం సన్నని స్ట్రాలలో వస్తుంది. దాన్ని ద్రవ నైట్రోజన్ నింపిన క్యానులో పెట్టి ఊరూరా తిప్పుతాను.

2003 వానాకాలంలో ఒకరోజు వాగు దగ్గర సైకిల్ ఆపి ఆ క్యాను భుజాన వేసుకుని దాటాను. ఒడ్డుకు చేరేసరికి ఎడమవైపు వృషణంలో బరువుగా, కిందికి గుంజినట్టు నొప్పి. స్నానం చేసేటప్పుడు చూసుకుంటే సంచిలో వానపాములు చుట్టుకున్నట్టు నరాలు చేతికి తగిలాయి. మా ఊరి ఆర్‌ఎంపీకి చెప్పాను. చూడను కూడా చూడలేదు. సైకిల్ ఎక్కువ తొక్కుతున్నావు, లంగోటి బిగించి కట్టుకో అన్నాడు. ఆ తెలివితక్కువ సలహాను రెండేళ్లు పాటించాను. అది ఎంత నష్టమో తర్వాత తెలిసింది.

అప్పటికి నా పెళ్లయి రెండేళ్లు. పిల్లలు లేరు. ఆ నొప్పికీ ఈ లోటుకూ సంబంధం ఉండొచ్చని ఎవరికీ తట్టలేదు. నా భార్య నాగమణి పుట్టినిల్లు దమ్మపేట వైపు. మా అమ్మ ఆమెను పేరు పెట్టి పిలవడం మానేసి ‘దమ్మపేటది’ అనడం మొదలుపెట్టింది. రైతులకు నేనే వేళాకోళం. ఒకాయన తన ఆవుకు నేను సూది వేస్తుంటే పక్కవాడితో, “ఊరందరి ఆవుల్ని చూలు చేస్తడు మన డాక్టరు, ఇంట్ల మాత్రం సూది పనిచేస్తలేదు” అన్నాడు. ఆయన పేరు నాకు గుర్తుంది. ఆయన ఆవు మాత్రం ఆ సూదికే చూలు కట్టింది.

భద్రాచలంలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. మొదటిరోజు నేను కూడా లోపలికి పోబోతే చెయ్యి అడ్డం పెట్టి, “ఆడవాళ్ల సంగతి, నువ్వు బయట కూర్చో” అంది. అప్పటి నుంచి నాలుగేళ్లు నేను బయట బెంచీ మీదే ఉన్నాను. లోపల నాగమణి ఉంది. థైరాయిడ్, షుగర్, స్కానింగ్. అండం పండటానికి క్లోమిఫీన్ మాత్రలు. నెలసరి అయిన పదో రోజు, పన్నెండో రోజు, పద్నాలుగో రోజు ఫాలిక్యులర్ స్టడీ అనే స్కాన్. చర్ల నుంచి ఆ గుంతల రోడ్డు మీద నెలకు మూడుసార్లు. ఆ స్కాన్ ఎందుకో డాక్టరమ్మ చెప్పలేదు. అక్కడి నర్సమ్మ చీటీ వెనక బొమ్మ గీసి చెప్పింది.

గర్భసంచికి రెండు పక్కలా రెండు అండాశయాలు. మామూలుగా నెలకు ఒక అండం పండి బయటికి వస్తుంది. దాన్ని ట్యూబు అందుకుంటుంది. అండం బతికేది సుమారు ఒక్క రోజు. వీర్యకణాలు మాత్రం లోపల రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కాచుకుని ఉండగలవు. రెండూ కలిసేది ట్యూబులోనే. కలిస్తే ఆ పిండం వచ్చి గర్భసంచి లోపలి మెత్తని పొరలో కుదురుకుంటుంది. కలవకపోతే ఆ పొర కరిగి నెలసరి అవుతుంది. ఆవుకు ఇరవై ఒక్క రోజులు, మనిషికి ఇరవై ఎనిమిది, అటూ ఇటూ. ఆవు ఎదకు వస్తే అరిచి చెబుతుంది, మనిషికి స్కాన్ తీయాలి. అంతే తేడా. ఇంత మాత్రం చెప్పడానికి ఒక పెద్ద డాక్టరుకు నోరు రాలేదు.

తర్వాత హెచ్‌ఎస్‌జీ అన్నారు. గర్భసంచిలోకి డై ఎక్కించి ట్యూబులు తెరుచుకున్నాయో లేదో ఎక్స్‌రేలో చూస్తారు. నాగమణి బయటికి వచ్చేసరికి చీర కొంగు మీద పంటి గాట్లు ఉన్నాయి. తిరుగు బస్సులో సీటు దొరికినా కూర్చోలేక నిలబడే వచ్చింది. ట్యూబులు బాగున్నాయి. ఏడాది తర్వాత గర్భసంచి లోపలి పొరను గీకి పరీక్షకు పంపే డీఅండ్‌సీ చేశారు. అదీ బాగుంది. “అన్నీ నార్మలే. టెన్షన్ పడుతోంది, అందుకే నిలవట్లేదు” అని లోపల నర్సమ్మతో అందట డాక్టరమ్మ. పరీక్షలన్నీ బాగున్న మనిషిలో తప్పు దొరక్కపోతే టెన్షన్ అంటారు. అదొక జబ్బు పేరు.

నాలుగో ఏడు మా మేనమామ వచ్చి తన రెండో బిడ్డను నాకిస్తానన్నాడు. అమ్మ సరేనంది. నాగమణిని పుట్టింటికి పంపే మాట పెద్దమనుషుల ముందు తేల్చాలని రోజు పెట్టారు. ఆ సాయంత్రం నాగమణి నా క్యాను వైపు చూస్తూ అడిగింది.

“మీ దగ్గరికొచ్చే ఆంబోతుకు పరీక్ష చేస్తరా?”

చేస్తారన్నాను. ప్రతిసారీ మైక్రోస్కోప్ కింద చూస్తారు, కణాలు చురుగ్గా లేకపోతే ఆ వీర్యం పారబోస్తారు అని చెప్పాను.

“మరి నిన్నెవరు చూసిన్రు?”

పశువుల మందలో మొదటిరోజు చేసే పని, మనుషుల ఆసుపత్రిలో నాలుగేళ్లలో ఒక్కరూ చేయలేదు. ఆ పనిలోనే బతికే నేనూ అడగలేదు. ఆ మాట కూడా రాసుకుంటున్నాను.

మర్నాడే భద్రాచలంలో ల్యాబుకు పోయాను. అక్కడ గది లేదు. ల్యాబు అతను మూతున్న ప్లాస్టిక్ డబ్బా నా చేతిలో పెట్టి, పక్కవాడి వైపు చూసి నవ్వి, “ఇంటికాడ పట్టుకొని తేపో” అన్నాడు. ఎంతసేపట్లో తేవాలో, ఎట్లా తేవాలో చెప్పలేదు. వీర్యం చల్లగా ఉంటేనే బతుకుతుందని నా వృత్తి నాకు నేర్పింది. డబ్బాను ఐస్ నింపిన ఫ్లాస్కులో పెట్టాను. దారిలో పోలీసు క్యాంపు దగ్గర బస్సు ఆపి సోదా చేశారు. జవాను ఫ్లాస్కు మూత తీసి ఇది ఏందని అడిగాడు. బస్సంతా వింటుండగా చెప్పాను. ల్యాబు చేరేసరికి మూడు గంటలు దాటింది. ఎప్పుడు పట్టావని ల్యాబు అతను అడగలేదు. కణాలన్నీ చచ్చిపోయాయని రిపోర్టు రాశాడు. డాక్టరమ్మ ఆ కాగితం అరనిమిషం చూసింది. “నీ వల్ల కాదు, ఎవరినైనా పెంచుకోండి” అంది. నాలుగేళ్లలో నాతో ఆమె మాట్లాడిన రెండో మాట అది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఆమె రిపోర్టు లాక్కుని బియ్యం డబ్బాలో దాచింది. “మగపిలగానికి గిట్ల ఉంటదా కొడకా. ఎవ్వరితోని అనకు. దాని మీదికే పోనియ్” అంది.

పెద్దమనుషులు కూర్చున్న రోజు నాగమణి బట్టలు సర్దుకుని గడప పక్కన నిలబడి ఉంది. మామ మాట మొదలుపెట్టగానే నేను బియ్యం డబ్బాలో నుంచి రిపోర్టు తీసుకొచ్చి చదివాను. లోపం నాదని, ఆమె పరీక్షలన్నీ బాగున్నాయని చెప్పాను. ఇద్దరు తల దించుకున్నారు, మిగతావాళ్లు నవ్వారు. మామ లేచి కండువా దులుపుకుని, “మగతనం లేదని పదిమందిల చదివెటోన్ని ఇప్పుడే చూస్తున్న అల్లుడా” అన్నాడు. మగతనం వేరు, వీర్యకణాలు వేరు. వచ్చే ద్రవంలో ఎక్కువ భాగం వేరే గ్రంథులు తయారుచేస్తాయి, కణాలు లేకపోయినా చూపుకు తేడా ఉండదు. ఇది ఆయనకు చెప్పినా ఎక్కదు. కానీ ఆ రోజు నాగమణి సంచి మళ్లీ లోపలికి పోయింది.

ఆరు నెలలకు ఖమ్మంలో మాకు శిక్షణ పెట్టారు. పశువైద్యుడు పాఠం చెబుతూ, గుడ్డు సొన, గ్లిజరాల్ కలపకుండా వీర్యాన్ని చల్లబరిస్తే ఆ చలి దెబ్బకే చచ్చిపోతుందన్నాడు. ఈ పాఠం నేను అంతకుముందు ఒకసారి విన్నదే. ఆ రిపోర్టు నాది కాదు, ఐసుది.

మధ్యాహ్నమే ఖమ్మంలో ఒక యూరాలజిస్టు దగ్గరికి పోయాను. ఆయన నన్ను నిలబెట్టి, దగ్గమని, చేత్తో పట్టి చూశాడు. అన్నేళ్లలో నన్ను ముట్టుకుని చూసిన మొదటి డాక్టరు. రెండు నిమిషాలు పట్టింది. “వేరికోసీల్. లెఫ్ట్, గ్రేడ్ త్రీ. ఇన్నాళ్లు ఎవరూ చూడలేదా?” అన్నాడు. శాంపిల్ ఆసుపత్రి గదిలోనే ఇచ్చాను. కణాలు బతికే ఉన్నాయి. మిల్లీలీటరుకు ఇరవై మిలియన్లు ఉండాల్సిన చోట నాలుగు, వాటిలోనూ కదిలేవి తక్కువ.

వృషణాలు ఒంటికి బయట వేలాడేది ఊరికే కాదట. కణాలు తయారు కావాలంటే ఒంటి వేడి కంటే కాస్త చల్లగా ఉండాలి. అక్కడి నరాలు ఉబ్బడమే వేరికోసీల్, అప్పుడు వేడి రక్తం నిలిచిపోతుంది. పైన బిగుతైన లంగోటి కడితే ఇంకా వేడి. ఒక కణం పూర్తిగా తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి ఏ వైద్యం చేసినా మూడు నెలల ముందు ఫలితం అడగకూడదు.

నడుములో మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశారు. కుట్లు చీము పట్టి మూడు వారాలు పనికి పోలేకపోయాను. మూడో నెల పరీక్షలో కౌంట్ ఐదు. అమ్మ చూశావా అన్నట్టు చూసింది. ఆరో నెలలో పద్దెనిమిది. ఆ ఏడాదే నాగమణికి నెల తప్పింది, రెండో నెలలో పోయింది. ఊరు మళ్లీ ఆమెనే అంది. మరుసటి ఏడాది నిలిచింది. పాప పుట్టింది, ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడుతోంది. మామ ఉయ్యాల వేసిన రోజు వచ్చి అందరికంటే ముందు కూర్చుని భోంచేశాడు.

చదివేవాళ్లకు ఒక్క మాట. పెళ్లయి ఏడాది దాటినా నిలవకపోతే ఇద్దరూ ఒకే రోజు పోండి, మగవాడి పరీక్ష ముందు చేయించండి. అది సులువు, నొప్పి లేదు. శాంపిల్ ఆసుపత్రిలోనే ఇవ్వండి. కుదరకపోతే చొక్కా లోపల ఒంటి వెచ్చదనంలో పెట్టుకుని అరగంటలో, ఎంత ఆలస్యమైనా గంటలోపు చేర్చండి. ఐసులో పెట్టకండి.

పాప పుట్టింది కదా, ఇంకా ఏం లొల్లి అంటున్నారు మా ఊరివాళ్లు. డాక్టరమ్మా, ఈసారి ఇది అచ్చులో చదువుతారనుకుంటాను. నా చేతికి డబ్బా ఇవ్వడానికి ముందే నాగమణిని హెచ్‌ఎస్‌జీ బల్ల మీద ఎందుకు పడుకోబెట్టారు? ఆమె ఇప్పుడు నా పక్కనే కూర్చుని ఉంది. జవాబు ఆమె పేరున రాయండి.