భుజం మీద రైఫిల్ తన్ను

పోలీసు ఉద్యోగానికి ఎంపికయ్యేనాటికి నేను నిజం తుపాకీని ముట్టుకుని ఎరగను. మాది ఆకివీడు దగ్గర కొల్లేటి ఊరు. నాన్న లేడు. అమ్మ చేపల చెరువుల మీద పనికి వెళ్ళి నన్ను ఏలూరు కాలేజీలో చదివించింది. పరుగులోనూ రాత పరీక్షలోనూ గట్టెక్కాను గానీ, శిక్షణలో ఫైరింగు మొదలైన రోజునే నా సంగతి తేలిపోయింది.

ఐదు గుళ్ళు ఇచ్చారు. మొదటి గుండుకే రైఫిల్ మడమ, అదే భుజానికి ఆనించే వెనక భాగం, నన్ను తన్నింది. దవడ అదిరింది. మిగతా నాలుగూ ఎటు పోయాయో నాకే తెలియదు. గురి అట్ట మీద ఒకే చిల్లు, అదీ మూలన. పదిహేను రోజుల్లో ఇంకో అవకాశం ఇస్తామన్నారు. అదీ తప్పితే తరువాతి బ్యాచ్‌తో మళ్ళీ మొదలుపెట్టాలి.

ఆదివారం ఇంటికి వెళ్ళాను. చర్చికి బయలుదేరుతూ బట్టలు మార్చుకుంటుంటే అమ్మ చూసింది. భుజం అరచేతి మేర నల్లగా కమిలిపోయి ఉంది.

“ఎవరు కొట్టారే నిన్ను?”

“ఎవరూ కొట్టలేదమ్మా. తుపాకీ తన్నింది.”

అమ్మ నమ్మినట్టు లేదు. ఉప్పు మూటగట్టి, పెనం మీద వేడిచేసి కాపడం పెట్టింది. “మీ పెద్దాళ్ళకి చెప్పి ఆఫీసు పని అడక్కూడదా?” అంది కాసేపటికి.

“అడగనమ్మా. అందరూ కాలుస్తున్నారు, నేనూ కాలుస్తాను” అన్నాను. ఆ మాట అమ్మకన్నా నాకే ఎక్కువ అవసరమైంది.

మాకు ఫైరింగు నేర్పే హెడ్ కానిస్టేబుల్‌ది తాడేపల్లిగూడెం. యాభై దాటిన మనిషి, గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. సోమవారం సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్ళాను. “నాకు మళ్ళీ మొదటినుంచీ నేర్పండి సార్” అన్నాను.

“ముందు ఎలా నుంచుంటున్నావో చూద్దాం” అంటూ ఖాళీ రైఫిల్ చేతికిచ్చారు.

ఎత్తి గురిపెట్టాను. ఆయన పక్కనుంచి వచ్చి నా ఎడమ భుజాన్ని రెండు వేళ్ళతో నెట్టారు. రెండడుగులు వెనక్కి పడ్డాను.

“చూశావా అమ్మా, బరువు ఆపలేక వెనక్కి వాలిపోతున్నావు. అలా వాలితే పిల్లాడు తోసినా పడతావు. ఎడమకాలు ముందుకెయ్యి. మోకాలు కాస్త వంచు. ఛాతీ ముందుకుండాలి. రైఫిల్ మడమని భుజం ఎముక మీద పెట్టకు, పక్కన చిన్న గుంట ఉంటుంది, అందులో గట్టిగా అదుము. నువ్వు చోటిస్తే అది పరిగెత్తుకొచ్చి తంతుంది.”

ఆ రోజునుంచీ పొద్దున పరేడ్‌కి ముందు అరగంట, సాయంత్రం అరగంట సాధన. గొట్టం చివర ఖాళీ తూటా తొడుగు నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కాలి. మొదటి మూడు రోజులూ పడుతూనే ఉంది. రెక్కలు నొప్పెట్టి అన్నం ముద్ద కూడా సరిగా ఎత్తలేకపోయేదాన్ని. నాలుగో రోజు రెండుసార్లు నిలిచింది. వారం తిరిగేసరికి పదిసార్లకి ఎనిమిదిసార్లు నిలబడుతోంది.

తరువాత ఫైరింగు రేంజిలో పడుకుని కాల్చమన్నారు. రెండు గుళ్ళు బాగానే వెళ్ళాయి. మూడోసారి నొక్కితే టక్కుమంది, అంతే. ఆయన నాకు చెప్పకుండా మధ్యలో పేలని ఉత్తుత్తి తూటా పెట్టారు. అయినా నా కళ్ళు మూసుకుపోయాయి, గొట్టం కిందికి వంగింది. పక్కవాళ్ళు నవ్వారు.

“తుపాకీ పేలలేదు కదమ్మా, నువ్వెందుకు అదిరావు?” అన్నారాయన మెల్లగా. “దెబ్బ తగలకముందే భయపడుతున్నావు. అక్కడే గురి పోతోంది.”

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కానీ ఇన్నాళ్ళూ భుజం మీదకి తోసిన తప్పు కళ్ళదని ఆ రోజే తెలిసింది. మర్నాటినుంచి నేనే అడిగి ఉత్తుత్తి తూటాలు కలిపించుకున్నాను. ఏ తూటా పేలుతుందో తెలియనప్పుడు భయపడటానికి సమయం దొరకదు. ఊపిరి సగం వదిలి, కళ్ళు తెరిచి, వేలిని మెల్లగా నొక్కడం ఒక్కటే మిగులుతుంది.

పరీక్ష రోజున ఐదింట్లో మూడు తగిలితే చాలన్నారు. నావి నాలుగు తగిలాయి. మడమ తన్నింది, భుజం దాన్ని తీసుకుంది, గొట్టం మళ్ళీ గురి మీదకే వచ్చింది. లేచి నిలబడి అట్ట వైపు చూశాను.

ఆయన అట్ట చూసి, “ఐదోది ఏమైందమ్మా?” అని అడిగారు.

“ఇంకొకటేగా అని తొందరపడ్డాను సార్. కళ్ళు మూసుకున్నాను.”

ఆయన తలూపి, “అయితే రేపు సాయంత్రం కూడా రా” అన్నారు.

వెళ్ళాను.