కుడివైపు ద్వారబంధం

శుక్రవారం పొద్దున్నే గడప కడిగి పసుపు రాస్తానా, ఆ తడి వాసన ముక్కుకు తగలగానే పాలకొల్లులో ఉన్నదాన్ని కాస్తా బహ్రెయిన్‌లోని హూరా సందులోకి వెళ్ళిపోతాను. తొంభైల్లో నేను ఇంటిపని చేసిన మామా ఇల్లు అక్కడే. మన మేనమామ కాదు లెండి, అక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు. పసిదైన మా అమ్మాయిని మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళినదాన్ని. ఏడవని రోజు లేదు.

మామాకు డెబ్బై దాటాయి. మహా కోపిష్ఠి. చాయ్‌లో పంచదార తగ్గితే ఇల్లు ఎగిరిపోయేది. అయిదుపూటలా నమాజు చేసేది. కానీ గుమ్మం దాటేటప్పుడల్లా కుడివైపు ద్వారబంధాన్ని తాకి, ఆ వేళ్ళు ముద్దుపెట్టుకునేది. ఆ వీధిలో ఇంకెవరూ అలా చెయ్యరు. ఎందుకు మామా అని వచ్చీరాని అరబ్బీలో అడిగాను.

"మా అమ్మ చేసేది. ఈ గుమ్మం దగ్గరే నన్నెత్తుకుని నా చేతా చేయించేది. అంతే గుర్తు" అంది. "తర్వాత నన్నొదిలేసి ఎటో వెళ్ళిపోయిందట. పక్కింటావిడ పెంచింది. ఏ తల్లయినా అలా వెళ్తుందా, సత్యా?"

నేనూ వదిలేసి వచ్చినదాన్నే కదా.

మొక్కుతోందంటే అక్కడ దేవుడున్నట్టేనని నా తెలివి. ఓ శుక్రవారం ఆవిడ తాకే చోట పసుపు దట్టంగా పట్టించి బొట్లు పెట్టాను. మామా చూసి శివాలెత్తిపోయింది. "నా గుమ్మానికి కూర వండావా? యల్లా, కడుగు!"

పసుపు ఓ పట్టాన వదిలితేనా! పీచుతో తోమేసరికి పాత రంగు పెచ్చులుగా ఊడి, ఏటవాలుగా వేలెడంత గాడి, దానికి రెండు కొసలా మేకుల బెజ్జాలు బయటపడ్డాయి. చచ్చాన్రా దేవుడా, గుమ్మం కూడా పాడుచేశాననుకున్నాను.

అప్పుడే మామాకు బట్టలు తెచ్చిచ్చే కొట్టు ముసలాయన వచ్చాడు. ఆ ఊళ్ళో మిగిలిన కొద్దిమంది యూదుల్లో ఒకడాయన. గాడిని చూడగానే చెయ్యి దానంతటదే లేచింది. తాకి, వేళ్ళు ముద్దుపెట్టుకున్నాడు. అచ్చం మామాలాగే.

మామా చేతిలో గ్లాసు కింద పెట్టేసి దగ్గరికొచ్చింది. "అది నీకెవరు నేర్పారు?"

"మా అమ్మ. దేవుడి మాట రాసిన చీటీని చిన్న గొట్టంలో పెట్టి మా గుమ్మాలకు ఇక్కడే బిగిస్తాం. హూరాలో మావాళ్ళలో ఒకామె ఉండేదని అమ్మ చెప్పేది, ఏ ఇల్లో నాకు తెలియలేదు. రహేల్ ఆమె పేరు. భర్త పోయాడు, చిన్నపిల్ల ఉంది. జ్వరమొచ్చి ఆమే పోయింది. మావాళ్ళొచ్చి తీసుకుపోతారేమోనని పిల్లను పక్కింటావిడ దాచేసుకుందట."

"పోయిందా? వెళ్ళిపోలేదా?"

"ఎక్కడికి వెళ్తుంది? మన శ్మశానంలోనే ఉంది. కాస్త దూరం నడక."

సాయంత్రమైతే తమకు విశ్రాంతి రోజు మొదలవుతుంది, వెళ్ళకూడదని ఆయన అప్పుడే తీసుకెళ్ళాడు. సమాధి మీద ఆయన తమ ఆనవాయితీ ప్రకారం గులకరాయి పెట్టాడు. మామా సమాధి రాతిని తాకి, వేళ్ళు ముద్దుపెట్టుకుని కూలబడిపోయింది. "ఇంత దగ్గర్లోనే ఉన్నావా, అమ్మా! ఇన్నేళ్ళూ నిన్ను తిట్టుకున్నానే!" ఆవిడను పట్టుకుని నేనూ భోరుమన్నాను.

మర్నాడు మామా నా పాస్‌పోర్టు నా చేతిలో పెట్టింది. "నీ కూతురి దగ్గరికి పో. ఎవరో ఒకరు దానికి అబద్ధం చెప్పకముందే."

వచ్చేశాను. మామా మళ్ళీ రమ్మనలేదు, నేనూ వెళ్ళలేదు. ఇప్పటికీ పసుపు రాశాక కుడివైపు ద్వారబంధాన్ని తాకి వేళ్ళు ముద్దుపెట్టుకుంటాను. మా మనవరాలూ మునివేళ్ళ మీద లేచి అదే చేస్తుంది. ఎందుకే అని మొన్న వాళ్ళమ్మ అడిగింది.

"అమ్మమ్మ చేస్తుందిగా" అంది.