నా మణికట్టు పట్టుకున్న వేళ్లు

దయ్యం పట్టిందని ఎవరైనా అంటే, ముందు బీపీ చూడమనే రకం నేను. అనంతపురంలో బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నాను. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఈ ఒక్క సంగతి మాత్రం అలాగే మిగిలిపోయింది.

ఆడవాళ్ల మెడికల్ వార్డులో మాకు ప్రాక్టికల్ డ్యూటీ వేశారు. నాకు అప్పగించిన పేషెంటు బెళుగుప్ప నుంచి వచ్చిన ఓబుళమ్మవ్వ. గుండె జబ్బు. రోజూ ఉదయం డిగాక్సిన్ మాత్ర ఇవ్వాలి. అది గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే ఇచ్చే ముందు ఎడమ రొమ్ము కింద స్టెతస్కోపు పెట్టి, నిండా ఒక నిమిషం గుండె చప్పుడు లెక్కపెట్టాలి. అరవైకి తగ్గితే మాత్ర ఆపి డాక్టరుకు చెప్పాలి. ఈ నియమం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

మొదటి రోజు అలాగే చేశాను. అవ్వ ఊరుకోలేదు.

"ఏమప్పా, మొగ నర్సమ్మా! యాడ పెడతాండావు ఆ గొట్టం? మా ముసిలోడు సూస్తే నిన్ను తంతాడు!"

పక్క మంచాలవాళ్లు పడి పడి నవ్వారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మరునాడు స్టెతస్కోపు మెడలోంచి తియ్యలేదు. లెక్కపెట్టమని మా క్లాసు అమ్మాయిల్లో ఎవరినైనా పిలవొచ్చు. అదీ నామోషీ అనిపించింది. నిన్న డెబ్బై నాలుగు వచ్చింది కదా, చార్టులో అదే వేద్దామనుకున్నాను. మాత్ర చేతిలోకి తీసుకుని అవ్వ వైపు చాపాను.

అప్పుడు నా మణికట్టును ఎవరో పట్టుకున్నారు.

మూడు వేళ్లు. మాకు నాడి చూడడం నేర్పినట్టే, బొటనవేలి మొదలు దగ్గర. చల్లగా ఏమీ లేవు, మామూలు మనిషి వేళ్లలాగే ఉన్నాయి. స్నేహితుడి వేళాకోళమనుకుని తిరిగి చూశాను. ఎవరూ లేరు. నా చర్మం మాత్రం మూడు చోట్ల లోపలికి నొక్కుకుని ఉంది. చెయ్యి కదల్లేదు. నాడి లెక్కపెట్టడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఉండి, ఆ వేళ్లు వదిలేశాయి.

మాత్ర ట్రేలో పెట్టేసి స్టెతస్కోపు తీశాను.

"మొగ నర్సమ్మ మళ్ళా గొట్టం ఎత్తుకోని వచ్చినాడు సూడు," అంది అవ్వ, నీరసంగా.

నలభై ఆరు.

పరుగున పోయి సిస్టర్‌ను పిలిచాను. డాక్టరు వచ్చి మాత్ర ఆపించారు. "ఈ పూట గూడా ఏసింటే అవ్వ మనకు దక్కేది కాదప్పా," అన్నారు సిస్టర్.

ఆ వారం క్లాసులో మేడమ్ నన్ను లేపి నిలబెట్టారు. "ఆ అవ్వ అంత ఎగతాళి చేసినా సిగ్గుపడకుండా ఎట్ల చేసినావప్పా?"

"డ్యూటీ కదా మేడమ్," అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. తల దించుకున్నాను. అది వినయమనుకున్నారు.

నరం నొక్కుకుందేమో, భయానికి కండరాలు బిగుసుకున్నాయేమో అని పుస్తకాలన్నీ తిరగేశాను. ఏదీ సరిపోలేదు.

ఇంటికి పోయే రోజు అవ్వ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "నువ్వు ల్యాకుంటే సచ్చిపోయింటి నాయనా."

నేను కాదవ్వా అని చెప్పబోయాను. మరెవరని అడిగితే ఏం చెప్పాలి? ఈ రోజుకీ తెలియదు.