గురువు పడిన చోట దరువు

అక్షరానికి బరువునూ నడకనూ ప్రసాదించిన వాగ్దేవికి వందనం. శోభకృత్ నామ సంవత్సర జ్యేష్ఠ బహుళ నవమి, సోమవారం, బడులు తెరిచిన నాడు సిద్దిపేటలోని ఒక ప్రభుత్వోన్నత పాఠశాలలో తెలుగు స్కూల్ అసిస్టెంటుగా చేరాను. భాషాపండితునికి పదోన్నతిపై లభించే హోదా అది. నాకదే చివరి నియామకం. పదవీ విరమణకు పది నెలల గడువుంది.

ఆ ఏడు శ్రావణాలు రెండు. నిజ శ్రావణంలో ఒక ఆదివారం స్రవంతి, నరేశ్ మా యింటికి వచ్చారు. ఇద్దరూ హుస్నాబాదులో నా వద్ద పదవ తరగతి చదివినవారే. ఆమె పాటలు రాసి పాడుతుంది. అతడు సింథసైజరు మీద బాణీ కట్టి, దరువును కంప్యూటరులో అమరుస్తాడు. అంతకుముందు విడుదల చేసిన రెండు పాటలు ఎవరి చెవికీ ఎక్కలేదు. ఇప్పుడు ఎనిమిది నృత్యగీతాలతో ఆల్బమ్ తలపెట్టారు. నమూనా విన్న హైదరాబాదులోని ఒక పాటల సంస్థవారు మాట బాగుంది, బాణీ బాగుంది, కాలు మాత్రం కదలడం లేదన్నారట. వినాయక చవితిలోగా కాలు కదిలించే పాట ఇవ్వకుంటే ఒప్పందం లేదు. ఒప్పందం లేకుంటే నరేశ్ భీవండికి పోయి మేనమామ పనిచేసే మరమగ్గాల కార్ఖానాలో చేరాలి. దసరా తరువాతి వారానికి రైలు టికెట్టు కూడా తీసి ఉంది.

పాటల్లో తప్పులుంటే దిద్దమని కాగితాలు ఇచ్చి వెళ్లారు. నేను అలవాటు చొప్పున అక్షరాలపై గురులఘువుల గుర్తులు వేశాను. పలకడానికి ఒక మాత్ర కాలం పట్టేది లఘువు, దానికి నిలువుగీత. రెండు మాత్రలు పట్టేది గురువు; దానికి గిన్నె వంటి గుర్తు. మొదటి పాట పల్లవి ‘గీడ ఉన్న గాడ ఉన్న’. గురువు, లఘువు; గురువు, లఘువు; చివరిదాకా అదే వరుస. నడకలో దోషం లేదు. అయినా గీడ, గాడ అనే మా ప్రాంతపు వాడుక మాటలు అచ్చుకు తగవనిపించి, అంచున ఎర్ర సిరాతో ‘ఇచట ఉన్న అచట ఉన్న’ అని రాశాను. గీడకూ ఇచటకూ మూడేసి మాత్రలే గనుక ఛందస్సుకు భంగం లేదని నా ధీమా. ఛందస్సులో ‘గ’ అంటే గురువని బోధిస్తూనే, పిల్లల వ్యాసాల్లో గిది, గట్ల వంటి మాటల ముందరి ‘గ’లను ఏళ్ల తరబడి కొట్టివేసిన చేయి అది.

వారం తరువాత ప్రజ్ఞాపూర్‌లో వారు కిరాయికి తీసుకున్న గదికి పిలిచారు. రహదారి మీది హారన్లు వినబడకుండా గోడలకు బొంతలు కట్టారు. స్రవంతి నేను దిద్దిన పల్లవి పాడింది. దరువు హుషారుగా ఉంది గాని, మాట దానితో కలవక కుంటుతున్నది. ఈ దరువు ఎవరు కట్టారని అడిగాను.

“మీరే గద సార్. గిన్నెలున్నకాడ డోలు కొట్టిచ్చిన, నిలువుగీతలకాడ చిటిక. మీరు తాళం రాసిచ్చిన్రనుకున్న” అన్నాడు నరేశ్.

“ఛందస్సు చెప్పిన దినం వీడు బడికి రాలే సార్” అన్నది స్రవంతి.

“వచ్చిన. నిద్రవోయిన.”

కాగితం అడిగి తీసుకున్నాను. గుర్తులు వేసింది వారి మాటపై. ఎర్ర సిరా మాటపై కాదు. ‘గీ’ గురువు. ‘ఇచట’లో మూడూ లఘువులే. మాత్రల మొత్తం సరిపోయింది గాని, డోలు పడే చోట దాని బరువు మోసే అక్షరం లేదు. ఎర్ర సిరాది తీసివేసి పాతదే పాడమన్నాను.

“అయితే ‘గ’ తప్పు కాదా సార్? పదో తరగతిల గిదానికే నాకు రెండు మార్కులు కోసిన్రు” అన్నది.

మార్కులు తిరిగి ఇచ్చే అధికారం నాకిప్పుడు లేదని, ‘గ’ను మాత్రం ఇచ్చివేస్తున్నానని చెప్పాను. ఆమె పాడింది. ‘గీ’ మీద డోలు పడింది, ‘గా’ మీద మళ్లీ పడింది. నరేశ్ మడమ నేలకు తాళం వేస్తున్నది. కుర్చీ కింద నా కాలూ అదే పనిలో ఉన్నదని కొంత ఆలస్యంగా గమనించాను. మిగిలిన ఏడు పాటలకు గుర్తులు మాత్రమే వేసి ఇచ్చాను; అంచులు ఖాళీగా వదిలాను.

మాత్రల లెక్క కుదిరినంతనే మాట కుదరదనీ, దిద్దే చేతికన్నా ముందు చెవి పని చేయాలనీ ఆ ఉదంతం వల్ల తెలిసింది. సర్వీసు ముగిసేదాకా వ్యాసాలను పిల్లల చేత బయటికి చదివించుకున్న తరువాతే దిద్దాను.

భాద్రపద శుద్ధ తదియ నాడు ఒప్పందం కుదిరింది. ఆశ్వయుజ శుద్ధ దశమి నాడు ఆల్బమ్ విడుదలైంది. నరేశ్ టికెట్టు రద్దు చేసుకున్నాడు. మార్గశిర శుద్ధ పంచమి నాడు అతని మేనమామ ఫోన్ చేసి, భీవండి కార్ఖానాలో మగ్గాల మోతను మించేలా ‘గీడ ఉన్న’ పాటే పెడుతున్నారని చెప్పాడు.