దవడ కింద ఒక చోటు

రెండు వేల ఇరవై ఐదు, సెప్టెంబరు పది, బుధవారం, ఉదయం ఆరూ నలభైకి నా కుడి పిడికిలి దవడ కింద సరైన చోట మొదటిసారి నిలిచింది. అంతకుముందు నిలవలేదని కాదు. నిలిచిన చోట మరుసటి బాణానికి నిలిచేది కాదు. ఆ రోజు వరసగా ఆరు బాణాలకు నిలిచింది. ఆరూ నా అరచెయ్యంత జాగాలో గుచ్చుకున్నాయి.

ఈ విల్లు నా కోసం మొదలుపెట్టింది కాదు. మా చెల్లెలి మనవరాలు నేర్చుకుంటానంటే, తెనాలి నుంచి చుండూరు వెళ్లే దారిలో ఉన్న మైదానానికి రోజూ తీసుకువెళ్లేదాన్ని. నాలుగు నెలలకు ఆ పిల్లకు ఇంటర్ చదువు వచ్చిపడింది. ఏడాదికి కట్టిన ఫీజు తిరిగి ఇచ్చేది లేదన్నారు. అయితే మిగిలిన నెలలు నేను వస్తానన్నాను. కోచ్ నా భుజం వైపు చూసి, వయసు అడిగి, అరవై ఎనిమిది అని రాసుకున్నాడు.

చక్రాల విల్లు కాబట్టి కుదిరింది. దాని రెండు కొనల్లోనూ చక్రాలుంటాయి. తాడు లాగేటప్పుడు మొదట బరువుగా ఉంటుంది. సగం దాటాక ఆ బరువులో చాలా భాగం చక్రాల మీదికి పోతుంది. నా భుజం కూడా లాగి పట్టుకోగలదు. తాడును వేళ్లతో పట్టుకోము. రిలీజ్ అనే చిన్న కొక్కెం పిడికిట్లో ఉంటుంది. తాడు ముక్కు కొసను తాకాలి, తాడు మధ్య ఉన్న చిన్న రంధ్రం కంటికి ఎదురుగా రావాలి, అందులోంచి విల్లుకు బిగించిన సైటు, అంటే గురి చూసే గుర్తు, కనబడాలి, పిడికిలి దవడకు ఆనాలి. ఆ ఆనే చోటును యాంకర్ అంటారు. అది వెంట్రుకవాసి జరిగితే ముప్పై మీటర్ల అవతల బాణం జానెడు జరుగుతుంది.

కోచ్ మొదటి రెండు నెలలూ నా చేత కళ్లు మూయించాడు. మూడడుగుల దూరంలో గడ్డిదిమ్మె పెట్టి, కళ్లు మూసుకుని లాగమనేవాడు, ఆనించమనేవాడు, ఆ తర్వాత తెరవమనేవాడు. తెరిచేసరికి రంధ్రం కంటి ముందు ఉంటే బాణం వదలాలి, లేకపోతే దించేయాలి. దించడానికే నాకు చేతులు నొప్పి పుట్టేవి. ముప్పై ఒక్క ఏళ్లు రేపల్లెలో ఒక రైసు మిల్లులో లెక్కలు రాసినదాన్ని. తెనాలిలో తెల్లవారి రైలెక్కి వెళ్లి, సాయంత్రం రైలుకు వచ్చేదాన్ని. చేసిన కూడికనే మళ్లీ చేయడం నాకు విసుగనిపించదు. అందుకే దాన్ని వదలకుండా పట్టుకున్నాను.

అక్టోబరు పదకొండున బాపట్లలో ఎంపిక పోటీ ఉందని కోచ్ చెప్పాడు. మా చుట్టుపక్కల క్లబ్బులన్నిటికీ కలిపి, అరవై దాటిన ఆడవాళ్లలో ఒక్కరిని రాష్ట్ర పోటీకి పంపుతారు. పేరిచ్చినవాళ్లం ఇద్దరమే. రెండో ఆవిడది రేపల్లె. నాలుగేళ్లుగా వేస్తోంది. మిల్లులో ఉన్నన్నాళ్లూ మీటింగులకు మేనేజరు వెళ్లేవాడు, గుమస్తాలు వెళ్లేవాళ్లు. నేను రాసిన లెక్కలు వెళ్లేవి. నేను వెళ్లలేదు. ఈసారి నేను వెళ్లాలనుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

వారం రోజులు బాగానే సాగింది. తర్వాత కుడివైపు కింది దవడలో చివరి పన్ను సలపడం మొదలుపెట్టింది. మా ఇంట్లో పన్ను నొప్పికి ముందు లవంగం, తర్వాతే డాక్టరు. లవంగం పంటి పక్కన బుగ్గలో పెట్టుకుని మైదానానికి వెళ్లాను. తాడు లాగి పిడికిలి ఆనిస్తే, చూపుడు వేలి కణుపుకు బుగ్గ లోపలి లవంగం గట్టిగా తగిలింది. ప్రతిసారీ అక్కడే తగిలింది. ఇక వెతుక్కునే పనే లేదు. చేతికి గుర్తు దొరికింది కదా అనుకున్నాను. ఆ వారం బాణాలు ఇంకా దగ్గర దగ్గరగా పడ్డాయి. నొప్పి తగ్గిన రోజున కూడా లవంగం పెట్టుకునే వెళ్లాను.

కోచ్‌కు ఏదో తేడా కనిపించింది. “పిడికిలి ముందుకొచ్చింది మామ్మగారూ. ఎముక మీద లేదు, కండ మీదుంది” అన్నాడు.

బాణాలు చూడమన్నాను.

“బాణాలు ఇవాళ బాగానే ఉంటాయండి. ఎముక రేపు కూడా అక్కడే ఉంటది. కండ ఉండదు” అన్నాడు.

లవంగం సంగతి చెప్పలేదు. చెబితే తీసేయమంటాడు.

సెప్టెంబరు ఇరవై ఆరున పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. మా బజారులోనే ఆవిడ క్లినిక్కు. ఆ ఒక్క పన్నూ చెడిందని, వెంటనే తీసేస్తే పక్కవాటికి భయం లేదని చెప్పింది. తీస్తే బుగ్గ లోపలికి పోతుందా అని అడిగాను. కొద్దిగా పోతుందంది. ఎన్నాళ్లు వాపు ఉంటుందంటే, వారం అంది. అది తగ్గాక కొత్త చోటు వెతుక్కోవడానికి ఎన్నాళ్లు పడుతుందో నాకు తెలుసు. పోటీ అయ్యాక వస్తానన్నాను.

“పోటీ ఏంటాంటీ?” అంది. బాణాలని చెప్పాను. ఆవిడ చేతి తొడుగులు తీసేసి, “ఆంటీ, ఇది చీము పట్టేటట్టుంది. అప్పుడు ఒకటితో పోదు. మీ ఇష్టం మరి” అంది. రాసిచ్చిన మాత్రలు ఐదు రోజులకు. ఐదు రోజులూ వేసుకున్నాను. నొప్పి పోయింది. పన్ను కూడా దారికొచ్చిందని లెక్క వేసుకున్నాను.

అక్టోబరు తొమ్మిది, గురువారం సాయంత్రానికి బుగ్గ వాచింది. శుక్రవారం ఇంకాస్త. మళ్లీ మాత్రలు మొదలుపెట్టాను. శనివారం పొద్దున అద్దంలో నా ముఖం సగం నాది, సగం ఇంకెవరిదో. బాపట్ల రైల్లో కోచ్ నా ఎదుటి సీట్లో కూర్చున్నాడు. కిటికీలోంచి ఇంకా పొలాలే కనిపిస్తున్నాయి. అప్పుడు లవంగం సంగతి చెప్పాను. అతను విరమించుకుంటారా అని అడిగాడు. లేదన్నాను.

మైదానంలో రేపల్లె ఆవిడ అప్పటికే విల్లు బిగించుకుని ఉంది. నన్ను చూడగానే దగ్గరికొచ్చింది.

“ఏంటి అక్కయ్యగారూ, పోటీ అవ్వకముందే లడ్డూ బుగ్గన పెట్టుకొచ్చారు?”

“మీకిద్దామని తెచ్చాను. దారిలో ఆకలేసింది” అన్నాను. ఆవిడ నవ్వింది. నవ్వి, తన సంచిలోంచి చల్లటి నీళ్ల సీసా తీసి బుగ్గకు ఆనించుకోమని ఇచ్చింది.

ఒక్కొక్కరికి డెబ్బై రెండు బాణాలు. ముప్పై ఆరు అయ్యాక విరామం. మొదటి సగంలో పిడికిలి పాత చోటనే ఆనించాను. అక్కడ పాత చోటు లేదు. వాచిన కండ పిడికిలిని బయటికి తోసేది. రంధ్రం కంటికి అందేది కాదు. అందుకోవడానికి తల వంచితే బుగ్గ తాడును నెట్టేది, బాణం ఎడమకు పోయేది. నొప్పికి భయపడి పైపైన ఆనిస్తే ఇంకోవైపు పోయేది. ఒక బాణం బోర్డు దాటి అవతలి వరిమడిలో పడింది. విరామానికి నాకు రెండు వందల డెబ్బై ఒకటి, ఆవిడకు మూడు వందల నాలుగు.

కోచ్ నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. వాపు ఎక్కడిదాకా ఉందో వేలితో చూపించమన్నాడు. చెవి కింద, దవడ ఎముక మలుపు తిరిగే చోట వాపు లేదు.

“అక్కడ ఆనించండి. కళ్లు మూసుకుని వెతుక్కోండి. రంధ్రం కంటికి సరిగ్గా రాదు, రాకపోయినా పర్లేదు.”

“బాణం తప్పిపోతే?”

“తప్పిపోద్దండి. అన్నీ ఒకే చోటుకి తప్పిపోతే సైటు జరుపుకుందాం. తలో చోటుకి పోతే నేనేం జరపను?”

కళ్లు మూసుకుని లాగాను. ఎముక మలుపు దొరికింది. తెరిస్తే రంధ్రం కాస్త పక్కగా ఉంది, ఆ పక్కగానే ఉంచి వదిలాను. మొదటి మూడు బాణాలూ కుడివైపు, కింద, ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి. సైటు మర జరిపాను. తర్వాతి మూడూ నడిమి పసుపు వలయానికి దగ్గరగా వచ్చాయి. ఇంకొక్కసారి జరిపాను. అక్కడి నుంచి ఎవరి వైపూ చూడలేదు. నొప్పి ఉంది. ఎముక మీద చెయ్యి ఉన్నంతసేపు అది బుగ్గలోనే ఉండిపోయింది, చేతిలోకి రాలేదు.

రెండో సగంలో నాకు మూడు వందల పన్నెండు, ఆవిడకు రెండు వందల తొంభై తొమ్మిది. మొత్తం కలిపితే నాకు ఐదు వందల ఎనభై మూడు. ఆవిడకు ఆరు వందల మూడు. జడ్జీలు కూడకముందే నేను కూడేశాను.

తిరుగు రైల్లో తెనాలి దాకా ఆవిడ నా పక్కనే కూర్చుంది. తను తెనాలిలో దిగి రేపల్లె బండి ఎక్కాలి. “రాష్ట్ర పోటీకి మీరూ రండి అక్కయ్యగారూ, నా సంచి మోయడానికి మనిషి కావాలి” అంది. సంచి ఎంత బరువని అడిగాను. ఆవిడ ఎత్తి నా ఒళ్లో పెట్టింది. నా సంచికన్నా తేలిక. తెనాలి వచ్చేదాకా దాన్ని ఒళ్లోనే ఉంచుకున్నాను.

సోమవారం పళ్ల డాక్టరు సూది వేసింది. చీము పక్కవాటికి పాకింది.

పోయినవి: పళ్లు మూడు. బాణం ఒకటి, వరి కోశాక కూడా దొరకలేదు. పాయింట్లు ఇరవై. రాష్ట్ర పోటీ. పాత యాంకర్.